సెన్సర్ మార్చే ముందు సైలెన్సర్ చూడండి



మా మేనల్లుడు పోయినేడాది ఒక పాత కారు కొన్నాడు. పెట్రోలు బండి, చిన్నది, నాలుగు సిలిండర్లది. అంతకుముందు దాన్ని వాడిన కుర్రాడెవరో సరదాపడి, ఇంజన్ పొగను ఒకచోటికి చేర్చే కంపెనీ మానిఫోల్డు, సైలెన్సరు పీకించి, గుడగుడమని మోగే పొడుగాటి గొట్టాలు వేయించుకున్నాడట. కొన్న నెలకే డాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ పసుపుపచ్చగా వెలిగింది. మన మెకానిక్కులు చెక్ లైటు అంటారే, అది. షెడ్డులో స్కానర్ పెట్టి చూసి, "ఆక్సిజన్ సెన్సర్ పోయింది" అన్నారు. మార్చారు. నెల తిరక్కుండా మళ్ళీ వెలిగింది. మళ్ళీ మార్చారు. మూడోసారి లైటు వెలిగాక మావాడు నాకు ఫోన్ చేశాడు.

"మామయ్యా, ఈ సెన్సర్లన్నీ డూప్లికేటువే అంటావా?"

పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ పాఠాలు చెప్పి రిటైరైన వాణ్ణి. ఇలాంటి ఫోన్లు నాకు అలవాటే. "పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్టు చేసినప్పుడు టిక్కు టిక్కుమని చప్పుడేమైనా వస్తోందట్రా?" అన్నాను.

"వస్తోంది. వేడెక్కాక తగ్గిపోతుంది."

"మైలేజీ?"

"కొన్నప్పుడు 16 ఇచ్చింది. ఇప్పుడు 14 రావడం గగనంగా ఉంది."

"అయితే మూడో సెన్సర్ కొనకు. తీసేసిన పాతవి రెండూ ఉంటే పట్టుకురా. బండి మాత్రం రాత్రే తెచ్చి మా ఇంటి ముందు పెట్టు. తెల్లారేసరికి ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి" అన్నాను.

వాడు వచ్చేలోపు ఆ సెన్సర్ సంగతి కాస్త చెప్పుకుందాం.

చూడ్డానికి అది స్పార్క్ ప్లగ్గుకు వేలువిడిచిన చుట్టంలా ఉంటుంది. బొటనవేలంత మందం, స్పానర్ పట్టడానికి ఆరు పలకల నట్టు, దాని కింద 18 మిల్లీమీటర్ల మర. పొగగొట్టం లోపలికి దిగే కొసకు సన్న సన్న చిల్లులున్న లోహపు టోపీ. ఆ టోపీ లోపల పింగాణీతో చేసిన ఒక తొడుగు, చిటికెన వేలికి పెట్టుకునేంతది, ఒకవైపు మూసి ఉంటుంది. ఆ పింగాణీ పేరు జిర్కోనియా. లోపలా బయటా పల్చటి ప్లాటినం పూత. బయటి ముఖానికి ఇంజన్ వదిలే పొగ తగులుతుంది, లోపలి ముఖానికి మనం పీల్చే గాలి తగులుతుంది. చాలా సెన్సర్లలో ఆ మంచి గాలి తీగల సందుల్లోంచే లోపలికి వెళ్తుంది. అందుకే ఆ తీగల కనెక్టరుకు గ్రీజు రాయకూడదు. ముక్కు మూసినట్టే.

జిర్కోనియాకు ఒక విచిత్రమైన గుణం ఉంది. చల్లగా ఉన్నంతసేపూ ఉత్త పింగాణీయే. 300 డిగ్రీలు దాటేసరికి ఆక్సిజన్ అయాన్లు దాని గుండా నడవడం మొదలుపెడతాయి. ఒకవైపు ఆక్సిజన్ ఎక్కువా మరోవైపు తక్కువా ఉంటే, ఆ తేడాకు తగ్గ చిన్న వోల్టేజి పుడుతుంది. పొగలో ఆక్సిజన్ మిగిలి ఉంటే 0.1 వోల్టు దగ్గర ఉంటుంది. మిగలకపోతే 0.9 దాకా ఎగురుతుంది. ఈ రెంటి నడుమ 0.45 అనే గీత దగ్గర, ఇటో అటో అని దూకుతూనే ఉంటుంది. జర్మన్ శాస్త్రవేత్త వాల్టర్ నెర్న్‌స్ట్ ఈ లెక్క ఎప్పుడో 19వ శతాబ్దంలోనే కట్టి పెట్టాడు. 1897లో ఆయన ఇదే జిర్కోనియా కడ్డీతో ఒక విద్యుద్దీపం కూడా చేశాడు. ముందు వేడి చేస్తే గాని ఆ దీపం వెలిగేది కాదు. మన సెన్సర్‌కూ అదే జబ్బు, వేడి తగిలితే గాని నోరు విప్పదు. ఈ మాట గుర్తుంచుకోండి, గొట్టం దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ పనికొస్తుంది.

కార్లలోకి ఇది 1976లో వచ్చింది. జర్మనీలోని బాష్ కంపెనీ తయారుచేస్తే, స్వీడన్‌కు చెందిన వోల్వో తన 240 తరహా కార్లకు బిగించింది. అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, పొగ మీద పెట్టిన కఠినమైన ఆంక్షలు తట్టుకోవడానికి. అది ఎంత గొప్పగా అనిపించిందంటే, కారు ముందు జాలీకి 'లాంబ్డా సోండ్' అని దీని పేరుతో బిళ్ళ కూడా తగిలించారు. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు పొగలోని విషవాయువులను తగ్గించే కేటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. 2000 నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోలు వచ్చింది. సీసం కన్వర్టర్‌కూ విషమే, ఈ సెన్సర్‌కూ విషమే. ఇప్పుడు బీఎస్ 6 కార్లకు సెన్సర్ ఒకటి కాదు, కన్వర్టర్‌కు ముందొకటి వెనకొకటి ఉంటున్నాయి.

దీని పనేమిటి? ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే 14.7 కిలోల గాలి కావాలి. ఆ పాళ్ళు కుదిరాయా లేదా అని పొగను బట్టి ఇంజన్‌కు పెట్రోలు పోసే కంప్యూటర్‌కు కబురు చెప్పడమే దీని పని. ఆక్సిజన్ మిగిలిందంటే పెట్రోలు చాల్లేదని కంప్యూటర్ పెంచుతుంది. మిగల్లేదంటే తగ్గిస్తుంది.

ఇక్కడే ఒక తిరకాసుంది. సెన్సర్‌కు పెట్రోలు అంటే ఏమిటో తెలియదు. మిగిలిన ఆక్సిజన్ ఒక్కటే తెలుసు. ఒక సిలిండర్లో స్పార్క్ ప్లగ్గు పనిచెయ్యలేదనుకోండి. పెట్రోలు మండలేదు, గాలీ మండలేదు, రెండూ పచ్చిగా గొట్టంలోకి వచ్చి పడ్డాయి. సెన్సర్‌కు ఆక్సిజన్ మాత్రమే కనబడుతుంది. పెట్రోలు చాల్లేదని చెబుతుంది. కంప్యూటర్ ఇంకా పోస్తుంది. అజీర్తి చేసి ఏడుస్తున్న పిల్లాడికి ఆకలేసిందనుకొని మళ్ళీ అన్నం పెట్టినట్టు. అలాగే ఆ ఆక్సిజన్ ఇంజన్‌లోంచి వచ్చిందా, గొట్టానికి పడిన కంతలోంచి దూరిందా అన్నది కూడా దానికి తెలియదు.

సరే, మావాడు వచ్చాడు. తెల్లారి ఆరింటికి బానెట్ ఎత్తాం.

నేను ముందు సెన్సర్ జోలికి పోలేదు. ఇంజన్ హెడ్డుకు మానిఫోల్డు అతుక్కునే చోట టార్చి వేసి చూశాను. మూడో సిలిండర్ దగ్గర, గాస్కెట్ అంచున, కాటుక పెట్టినట్టు సన్నటి నల్లటి గీత. వేలితో తుడిస్తే మసి అంటింది. గొట్టాలు కలిసే చోట వెల్డింగు పక్కనా అలాంటిదే ఇంకోటి, వెంట్రుకంత బీట. పొగ బయటికి పోయే దారి ఉంటేనే ఆ మసి పడుతుంది.

"పొగ బయటికి పోతే పోతుంది, గాలి లోపలికి ఎలా వస్తుంది మామయ్యా?" అన్నాడు. మంచి ప్రశ్నే. తరగతిలో కూడా ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు అడిగేవారు.

గొట్టంలో పొగ కాలవలో నీళ్ళలా ఏకధాటిగా పారదు. ఒక్కో సిలిండర్ ఒక్కోసారి దగ్గినట్టు దఫదఫాలుగా వస్తుంది. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ ఊరికే ఆడుతున్నప్పుడు సెకనుకు దాదాపు 27 దఫాలు. ఒక దఫా పొగ విసురుగా ముందుకు దూకగానే దాని వెనకాల క్షణకాలం ఖాళీ ఏర్పడుతుంది. ఆ క్షణంలో గొట్టంలోని ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గుతుంది. కంత ఉంటే బయటి గాలిని పీలుస్తుంది. మరుక్షణం పొగను కక్కుతుంది. ఒకే కంత కక్కుతుంది, పీలుస్తుంది కూడా.

నమ్మకం కుదరడానికి ఇంట్లోంచి ఒక అగరుబత్తి తెప్పించాను. ఇంజన్ స్టార్టు చేసి, చల్లగా ఉన్నప్పుడే, రేడియేటర్ ఫ్యాను తిరగడం మొదలవకముందే, ఆ నల్ల గీతకు దగ్గరగా పట్టాను. నిటారుగా లేస్తున్న పొగ తీగ గజగజ వణికింది. వణుకుతూ వణుకుతూ కొంత ఆ గీత వైపు లాక్కుపోయింది. మావాడు కళ్ళప్పగించి చూశాడు. పెట్రోలు వాసన వస్తున్న బండి దగ్గర మాత్రం ఈ పని ఎవరూ చెయ్యకండి. సబ్బునీళ్ళు చల్లి బుడగలు వస్తాయేమో చూస్తే చాలు.

ఇందులో లెక్క చాలా చిన్నది, నష్టం పెద్దది. పాళ్ళు కుదిరిన ఇంజన్ పొగలో ఆక్సిజన్ ఒక శాతం కూడా ఉండదు. బయటి గాలిలో 21 శాతం. సెన్సర్‌కు ముందున్న కంతలోంచి నూటికి రెండు పాళ్ళ గాలి కలిసినా, కంప్యూటర్ ఇంచుమించు నూటికి రెండు పాళ్ళు పెట్రోలు ఎక్కువ పోస్తుంది. కంత పెద్దదైతే పోత పెరుగుతుంది. పోసీ పోసీ, తనకున్న హద్దు దాటాక, ఇక నావల్ల కాదని చెక్ లైటు వెలిగిస్తుంది. స్కానర్ మీద సెన్సర్ మాట కనబడుతుంది. షెడ్డులో సెన్సర్ మారుతుంది. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు.

అదే కంత సెన్సర్ దాటి చాలా దూరాన, వెనక సైలెన్సర్ డబ్బా దగ్గర పడిందనుకోండి. చప్పుడు తప్ప ముందు సెన్సర్‌కు పెద్దగా బాధ లేదు. అయితే డబ్బా మొత్తం తీసేసి గొట్టాన్ని మరీ పొట్టిగా కోసేస్తే, ఇంజన్ నెమ్మదిగా ఆడుతున్నప్పుడు తోకలోంచే గాలి వెనక్కి దూరి సెన్సర్ దాకా వస్తుంది. 'ఓపెన్ పైపు' సరదా ఉన్నవాళ్ళు ఈ ముక్క వినాలి.

మావాడి బండిలో కంత ఒక్కటే కాదు తప్పు. కంపెనీ మానిఫోల్డు పోత ఇనుముది, పొట్టిగా ఉంటుంది. దాన్ని దాటగానే సెన్సర్. మంట వేడి తగ్గకముందే పొగ దాన్ని తాకుతుంది. ఇప్పుడున్నవి పల్చటి రేకు గొట్టాలు, నాలుగూ విడివిడిగా పొడుగ్గా వెళ్ళి ఎక్కడో కింద కలుస్తాయి. హెడర్ అంటారు. రేసుల్లో వీటికి ప్రయోజనం ఉంది, కాదనను. ఒక సిలిండర్ వదిలిన విసురుతో మరొకదాని పొగను బయటికి లాగేలా కొలతలు కడతారు. కాని కూరగాయలకు, బడికి తిరిగే బండిలో జరిగేది వేరు. గొట్టం పొడుగైతే పొగ దారిలోనే చల్లారుతుంది. గొట్టం అవసరానికి మించి లావైతే నెమ్మదించి ఇంకా చల్లారుతుంది. హీటరు లేని పాతకాలం సెన్సర్, ఒకటి రెండు తీగలది, అక్కడ ట్రాఫిక్‌లో ఆగినప్పుడల్లా నిద్రపోతుంది. 1982 నుంచి బాష్ లోపల హీటరు పెట్టిన సెన్సర్లు తెచ్చింది. నాలుగు తీగలుంటే సాధారణంగా అదే. హీటరు ఉంటే చలి బాధ తీరుతుంది. ఆలస్యం బాధ తీరదు.

ఆలస్యమంటే, స్నానాల గదికి గీజర్ దూరంగా ఉన్న ఇంట్లో ఉండి చూశారా? పంపు తిప్పుతాం, చన్నీళ్ళే వస్తాయి. ఇంకాస్త తిప్పుతాం. అప్పుడు సలసలా కాగే నీళ్ళు ఒక్కసారిగా నెత్తిన పడతాయి. కంగారుగా వెనక్కి తిప్పుతాం, కాసేపటికి మళ్ళీ చన్నీళ్ళు. సెన్సర్‌ను అర మీటరు వెనక్కి జరిపితే, ఇంజన్ నెమ్మదిగా ఆడేటప్పుడు కబురు అందడం సెకనులో పదో వంతు ఆలస్యమవుతుంది. పదో వంతే కదా అనిపిస్తుంది. ఆ పదో వంతులో ఇంజన్ రెండు మూడు దఫాల పొగ వదిలేసి ఉంటుంది. పాత మానిఫోల్డు కొలతలతో రాసుకున్న ప్రోగ్రామ్ కంప్యూటర్‌లో అలాగే ఉంటుంది, గొట్టం మారిందని దానికి ఎవరూ చెప్పరు. దాంతో పెట్రోలు ఎక్కువా తక్కువా అని ఊగుతూ ఉంటుంది.

అలాగని మరీ దగ్గరకు తెచ్చినా కుదరదు. సెన్సర్ తట్టుకునే పొగ వేడికీ హద్దుంది, 900 డిగ్రీల పైచిలుకు. ఎండలో నిండా మనుషులతో ఘాటు రోడ్డు ఎక్కే ఇంజన్ ఆ హద్దుకు ఎంతో దూరంలో ఉండదు.

ఇంకా కిందికి వంగి చూస్తే అసలు విడ్డూరం కనబడింది. ఆ హెడర్ చేసిన వెల్డరు, సెన్సర్ బిగించే నట్టును నాలుగు గొట్టాలు కలిసే చోట కాకుండా మూడో సిలిండర్ గొట్టానికి అతికించాడు. అక్కడ చెయ్యి సులువుగా పడుతుంది కాబట్టి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. అది ఒకే గిన్నె అయినప్పటి మాట. నాలుగు పొయ్యిల మీద నాలుగు గిన్నెలు పెట్టి, మూడో గిన్నెలో మెతుకు చూసి నాలుగింటి కిందా మంట పెంచితే వంట ఏమవుతుంది? పైగా కాటుక గీత ఉన్నదీ ఆ మూడో సిలిండర్ దగ్గరే. దాని కంత వల్ల వచ్చిన కబురుకు నాలుగు సిలిండర్లూ అదనంగా పెట్రోలు తాగుతున్నాయి.

సెన్సర్ బిగించిన తీరూ బాగోలేదు. ముక్కు పైకీ తీగలు కిందికీ ఉన్నాయి. లీటరు పెట్రోలు మండితే దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఇంజన్ వేడిగా ఉన్నంతసేపూ ఆవిరైపోతుంది. చలికాలం ఉదయం సైలెన్సర్ కొసన చుక్కలు కారడం మీరూ చూసే ఉంటారు. చల్లటి గొట్టంలో ఆ నీరు చుక్కలుగా గోడలకు అంటుకుంటుంది, పల్లంలో నిలుస్తుంది. మా చిన్నప్పుడు కిరసనాయిలు లాంతరుండేది. వేడెక్కిన గ్లాసు మీద ఒక్క చినుకు పడితే టప్పున పగిలేది, అమ్మ చేత తిట్లు పడేవి. సెన్సర్ లోపలి పింగాణీ కూడా అంతే. అందుకే ముక్కు కిందికి ఉండాలి, మరీ కాకపోయినా అడ్డానికి కనీసం 10 డిగ్రీలు పైకి లేచిన వాలు నుంచి దిగాలి అని తయారీదారులు రాస్తారు. నీరు దాని మీద నిలవదు. కొత్త కార్లలో కంప్యూటర్ కూడా గొట్టంలో తడి ఆరేదాకా ఆగి ఆ తర్వాతే హీటరును పూర్తిగా వేడి చేస్తుంది.

అప్పుడు మావాడు సంచీలోంచి పాత సెన్సర్లు తీశాడు, పేపర్లో చుట్టి తెచ్చాడు. మొదట తీసేసిన దాని ముక్కు బూడిద రంగులో శుభ్రంగా ఉంది. ఏ దోషమూ లేదు. రెండోదాని ముక్కు మీద మాత్రం సన్నటి తెల్లటి పొడి, సున్నం పట్టినట్టు. "షెడ్డులో ఆ గాస్కెట్‌కు ఏమైనా పూశార్రా?" అన్నాను. మధ్యలో చప్పుడొస్తోందని చెబితే ట్యూబులోంచి సిలికోన్ పేస్టు పూశారట. మామూలు సిలికోన్ పేస్టు వేడికి ఆవిరై పొగలో కలిసి, సెన్సర్ ముక్కు మీద తెల్లగా పేరుకుపోయి దాని రంధ్రాలు మూసేస్తుంది. సెన్సర్‌కు హాని చెయ్యని రకం పేస్టు వేరే దొరుకుతుంది, ట్యూబు మీదే రాసి ఉంటుంది. అంటే మొదటి సెన్సర్‌ను మంచిదాన్నే పారేశారు. రెండోదాన్ని రిపేరు పేరుతో చంపారు.

వెనక సెన్సర్ గురించి కూడా ఒక మాట. కన్వర్టర్ సరిగా పనిచేస్తోందా లేదా అని కనిపెట్టడానికే అది ఉంది. కొందరు కన్వర్టర్ పీకేసి, లైటు రాకుండా వెనక సెన్సర్‌కు ఒక బోలు నట్టు తగిలించి పొగకు దూరంగా జరుపుతారు. సెన్సర్ కళ్ళకు గంతలు కట్టడమిది. లైటు రాకపోవచ్చు గాని పొగ మాత్రం అలాగే వస్తుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చే చోట బీఎస్ 4, ఆ తర్వాతి పెట్రోలు కార్లకు ఇంజన్‌ను 2500 చుట్ల దగ్గర తిప్పి, కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు లాంబ్డా, అంటే గాలీ పెట్రోలూ పాళ్ళు కుదిరాయో లేదో చెప్పే అంకె, కూడా చూడాలని నిబంధన ఉంది. అది 0.97కూ 1.03కూ మధ్య ఉండాలి. చిల్లులు పడిన సైలెన్సరున్న బండి అక్కడ కూడా తప్పు లెక్కే చూపిస్తుంది.

ఆ వారమే బండిని విజయవాడ ఆటోనగర్‌కు తీసుకెళ్ళాం. పాత మానిఫోల్డు, కన్వర్టరుతో సహా, సెకండ్‌హ్యాండులో దొరికింది. అక్కడి మేస్త్రీ నా మాట పూర్తిగా వినకుండానే, "గొట్టం సంగతి చూడకుండా సెన్సర్ మార్చారా మాస్టారూ" అని నవ్వాడు. హెడ్డు ముఖం మీద పాత పేస్టంతా గీకి శుభ్రం చేసి, కొత్త గాస్కెట్ వేసి, బోల్టులు మధ్య నుంచి అంచులకు వరస తప్పకుండా బిగించాడు. సెన్సర్ దాని పాత చోట, వాలుగా, ముక్కు కిందికి. ఏ సెన్సర్ పెట్టమంటారని అడిగితే, మావాడి సంచీలోంచి మొదటిది తీసి ఇచ్చాను.

మీ బండికి చెక్ లైటు వెలిగి, షెడ్డులో ఆక్సిజన్ సెన్సర్ పోయిందని చెబితే ఒక్క పని చెయ్యండి. మర్నాడు పొద్దున ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మానిఫోల్డు దగ్గర టార్చి వేసి చూడమని అడగండి. కాటుక గీత కనబడితే ముందు దాని సంగతి చూడమనండి. ఒకవేళ సెన్సర్ మార్చాల్సే వస్తే పాతది మీ చేతికి ఇమ్మనండి. మావాడి బండిలో ఇవాళ్టికీ నడుస్తున్నది పోయిందని తీసేసిన ఆ మొదటి సెన్సరే.